పదకొండో నిమిషం

పేరు నేస్తాన్.
మన నేస్తానికి ఒక్క అక్షరం ఎడం.
టిబిలిసీలో, లిఫ్టు చెడిపోయిన మేడలో
నాలుగో అంతస్తు.
బల్ల మీద కంప్యూటరు,
అటొకటి ఇటొకటి పిడికెడు స్పీకర్లు.
పాత క్యాసెట్లలోని గొంతుల్ని
అక్షరాల్లోకి దించడం ఆమె కొలువు.
పేజీకి ఇంత అని ఇస్తారు.
దగ్గులకి డబ్బుల్లేవు.

అరవై అయిదు లారీలు పెట్టి
(అక్కడి డబ్బు పేరది, నవ్వకండి)
ఒక ట్యూబు ప్రీఆంప్ తెప్పించుకుంది.
సబ్బుపెట్టె అంత.
నెత్తిన రెండు గాజు ట్యూబులు,
వాటి అడుగున నారింజ వెలుగు.
నిజం చెప్పాలంటే
ఆ వెలుగు చూసే కొంది.

తీరా విప్పి చూస్తే
అది ట్యూబు వెలుగు కాదు,
కింద అతికించిన ఎల్ఈడీది.
అద్దె నగ.
గోళ్ళు తీసుకునే కత్తెరతో
దాని కాళ్ళు రెండూ కత్తిరించేసింది.
గది నల్లబడింది.
కాసేపటికి గాజు లోపల, ఇంకా లోపల,
ఊదితే ఆరుతుందేమో అన్నట్టు
ఒక ఎర్రటి నలుసు.
"ఓహో, నువ్వా" అంది.

ఆ రాత్రి క్యాసెట్టు మాక్వాలా అనే ముసలామెది.
తొంభై మూడు చలికాలం, కూతురి ఫ్లాటులో,
బ్యాటరీ రికార్డరు ముందు కూచుని
వాళ్ళ కొండ మీద పియర్ పళ్ళకున్న పేర్లు
ఒక్కొక్కటే చెబుతోంది.
గొంతు కొంచెం దగ్గరికి జరిగినట్టుంది.
జరిగిందో, జరిగిందనుకుందో.
అరవై అయిదు లారీలు ఊరికే పోవు కదా.

పదకొండో నిమిషంలో
గుయ్యిమని రొద.

మర్నాడూ అంతే, అదే నిమిషానికి.
ట్యూబులు వేడెక్కి మూలుగుతున్నాయనుకుంది.
ఆదివారం, కింద నీళ్ళు లేని వంతెన దగ్గర
దుప్పటి మీద సామాను పరిచిన ఓతియా
పాత సోవియట్ ట్యూబులు రెండు
న్యూస్‌పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.
"అమ్మాయ్, ఇవి రాకెట్లో తిరిగొచ్చినవి."
ఆయన అమ్మేవన్నీ రాకెట్లో తిరిగినవే,
చెంచాలతో సహా.

ట్యూబులు మార్చింది. రొద.
అడాప్టరు మార్చింది. రొద.
ఫోన్ ఛార్జరు పీకేసింది,
తీగ కింద నిఘంటువు పెట్టి ఎత్తు చేసింది,
పెట్టె మీద చెయ్యేసి బతిమాలింది.
మూడో రాత్రి విసుగెత్తి
పెట్టెనే తీసి పక్కన పెట్టి
కంప్యూటరు నుంచి నేరుగా స్పీకర్లకి కలిపింది.

పదకొండో నిమిషం.
రొద.

అప్పుడు వెనక్కి జరిపింది, గింజంత.
మళ్ళీ గింజంత.
రొదకి సరిగ్గా ముందు
మాక్వాలా ఊపిరి బిగబట్టింది.
దానికీ ముందు, గోడలవతల,
ఎక్కడో కింది అంతస్తుల్లోంచి
పిల్లలూ పెద్దలూ ఒక్క గొంతై
ఒక కేక.

ఏ భాషలో వేసినా
మనకి అర్థం చెప్పక్కర్లేని కేక.
కరెంటొచ్చింది!

వెంటనే ఆ వంటింట్లో
రోజుల తరబడి మూగగా నిలబడ్డ ఫ్రిజ్
గుయ్యిమని లేచింది.

నేస్తాన్‌కి అప్పుడు ఆరేళ్ళు.
ఇలాంటి మెట్ల మీదే
అలాగే అరిచేది,
చేతిలో కొవ్వొత్తి ఆర్పడం కూడా మరిచిపోయి.

పెట్టెకి ఈ ఘనత ఇవ్వలేను.
అది ఉన్నా వినిపించింది, తీసేసినా వినిపించింది.
దాని మీద అనుమానంతో
మూడు రాత్రులు చెవి ఒగ్గింది కాబట్టి
వినిపించింది, అంతే.
అయినా మళ్ళీ తగిలించింది.
నిందపడ్డ పిల్లకి
జడ వేసినంత జాగ్రత్తగా తీగలు సర్ది,
ఎర్రటి నలుసు కనబడేదాకా ఆగి,
టైపు చేసింది:
"వక్త ఆగింది. ఇంట్లోకి కరెంటు వచ్చింది."
పైవాళ్ళు కొట్టేస్తారని తెలుసు.

క్యాసెట్టులో ఎవరో ఏదో స్విచ్చి వేశారు.
మాక్వాలా నవ్వి, కళ్ళు చికిలించే ఉంటుంది,
అడిగింది:
"ఎన్నో పండు దగ్గర ఆగాం?"

"ఏడోది" అంది నేస్తాన్,
ఎవరూ లేని గదిలో, పైకే.